మాయల బడి అయ్యవారిని హాలహర్వికి బదిలీ చేశాను

మా బడిలో లైబ్రరీ అంటే స్టాఫ్‌రూములో ఒక ఇనుప బీరువా. దాని తాళంచెవి ఎవరికీ అక్కర్లేదు కాబట్టి నాకిచ్చారు. నేను లెక్కల టీచర్ని. ఈ ఏడు బడి తెరిచిన కొత్తలో పుస్తకాల కట్ట ఒకటి వస్తే సంతకం పెట్టి విప్పుతున్నాను. పైనుంచి నాలుగో పుస్తకం దగ్గర చెయ్యి ఆగిపోయింది. అట్ట కొత్తది, బొమ్మ కొత్తది, పేరు మాత్రం అదే.

కొండ మీద మంత్రవిద్యలు నేర్పే బడి. మేకలు కాసేవాళ్ళ పిల్ల ఒకతి ఆ బడికి చదువుకోను పోతుంది. ఆమెకు వానను పిలిచే విద్య నేర్పడానికి ఒక కుంటికాలి ముసలి అయ్యవారు ఉంటాడు. ఎక్కడో మంచు పడే దేశంలో ఎవరో పిల్లల కోసం రాసిన నవల, ఇంకెవరో తెలుగులోకి తెచ్చారు. నా పదకొండో ఏట చదివినప్పటి నుంచి ఇష్టమైన పుస్తకం ఏదంటే నేను దాని పేరే చెబుతున్నాను. పెళ్ళిచూపుల్లో కూడా అదే చెప్పాను. మా ఆయన అది సినిమా పేరేమో అనుకుని తనకూ ఇష్టమేనన్నాడు.

అలాంటి పుస్తకం ఇన్నేళ్ళకు చేతికొస్తే ఎగిరి గంతెయ్యాలి. నాకు చెమటలు పట్టాయి. ఎందుకంటే అందులో చివరి రెండు అధ్యాయాలు నేను అప్పటిదాకా చదవలేదు. చదవకుండానే మా అవ్వకు చదివి వినిపించాను. ఆ అధ్యాయాల్లో అయ్యవారు చనిపోతాడు. మా అవ్వ దృష్టిలో ఆయన ఇంకా బతికే ఉన్నాడు. హాలహర్విలో.

ఇది ఎట్లా జరిగిందో చెప్పాలంటే ఎమ్మిగనూరులో మా ఇంటి సంగతి చెప్పాలి. మా నాయన నేతగాడు. ముందు గదిలో సగం మగ్గమే. నాయన మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని నేస్తుంటే, పక్కన అవ్వ రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుట్టేది. ఇంటికి పెద్ద నాయనే అయినా మగ్గానికి పెద్ద అవ్వ. ఆమె పెట్టిన నియమాల్లో ఒకటి చావు కబురు గురించి. చావు కబురు చెవిన పడితే నేసేవాడు గుంతలోంచి లేవాలి, తలకు పోసుకోవాలి, ఆ రోజుకు మగ్గం ముట్టకూడదు. పోయింది అయినవాళ్ళయితే మూడు రోజులు. ఇంతవరకు అందరిళ్ళలోనూ ఉండేదే. మా ఇంట్లో చిక్కేమిటంటే అవ్వకు అయినవాళ్ళు మరీ ఎక్కువ. వీధి చివర చక్కెర అమ్మే ఆయన బావమరిది పోయినా ఆమెకు ఏదో ఒక వరస తగిలేది.

టీవీ వచ్చాక సంగతి ఇంకా ముదిరింది. ఒక సీరియల్లో మంచి అత్తగారు ఒకామె ఉండేది. ఏడాదిపాటు కష్టాలు పడి పడి ఒక శుక్రవారం చనిపోయింది. అవ్వ రాట్నం ఆపి నాయన వైపు చూసింది. నాయన చూడనట్టు నాడె అటూ ఇటూ విసురుతూ నేస్తూనే ఉన్నాడు. అవ్వ వదల్లేదు. అది కథ అని ఆమెకు తెలియక కాదు. బాగా తెలుసు. అదే మాట నాయన అంటే ఆమె ఇచ్చిన జవాబు మా ఇంట్లో ఇప్పటికీ వాడుకలో ఉంది.

"కతలో అయితే మాత్రం సావు సావు గాదా?"

నాయన లేచి తలకు పోసుకున్నాడు. ఆ సీరియల్లో ఆ తర్వాత నెలలోనే మామగారు, పెంచిన తాత, ఒక వకీలు వరసగా పోయారు. నాయన ఓపిక పట్టి పట్టి, చివరికి ఒక ఉదయం టీవీని రిపేరుకని తీసుకుపోయి స్నేహితుడి ఇంట్లో పెట్టేసి వచ్చాడు. అది రెండేళ్ళు రిపేరులోనే ఉంది.

టీవీ పోయేసరికి అవ్వకు పొద్దు గడవక నాయన నేతలో తప్పులు వెతకడం మొదలుపెట్టింది. నాయన నూలు కోసం ఆదోని పోయినప్పుడు, పాత పుస్తకాల అంగట్లో ఈ పుస్తకం పట్టుకొచ్చి నా చేతిలో పెట్టాడు. రోజూ బడి నుంచి వచ్చాక అవ్వకు చదివి వినిపించమన్నాడు. ఏ పుస్తకమైతే మంచిదని ఆయన చాలా ఆలోచించాడట. పిల్లల పుస్తకంలో ఎవరు చస్తారులే అనుకున్నాడట.

నేను మగ్గం పక్కన గోడకు ఆనుకుని చదివేదాన్ని. మగ్గం చప్పుడులో చదవడం అంటే గొంతు చించుకోవడమే. నాయన తెగిన పోగు ముడి వేసుకోవడానికి వంగినప్పుడు మాత్రం మామూలు గొంతుతో చదవొచ్చు. అందుకని పుస్తకంలో రహస్యాలు వచ్చే చోట పోగు తెగాలని మొక్కుకునేదాన్ని. ఇప్పటికీ క్లాసులో నా గొంతు పక్క ఊరికి వినిపిస్తుందని పిల్లలు అంటారు. అది ఆ పుస్తకం పుణ్యమే.

అవ్వకు మంత్రాలు, ఎగిరే మేకలు ఇవేవీ ఆనలేదు. ఆమెకు నచ్చింది ఆ ముసలి అయ్యవారు. కాలు ఈడుస్తూ నడుస్తాడు, సగం మంత్రాలు మరిచిపోతాడు, జేబుల్లో వేయించిన గింజలు పెట్టుకుని తరగతిలో నములుతుంటాడు. అవ్వ పుట్టిల్లు నందవరం పక్కన. మగ్గంతో పాటు రెండెకరాల మెట్ట చేను ఉండేది వాళ్ళకు. ఆమె పెద్దన్నకు కూడా కుంటికాలు, మతిమరుపు. మూడో రోజుకే అవ్వ తేల్చేసింది, ఆయప్ప అచ్చం మా అన్న మాదిరే ఉండాడని. నాయన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. అన్న అంటే మూడు రోజుల వరస.

నాకేమో ముందుకు తొంగిచూసే జబ్బు. వారం తిరక్కుండానే చివరి పేజీల దాకా దొంగచూపు చూశాను. చివరి నుంచి రెండో అధ్యాయం పేరు చదవగానే అయ్యవారి సంగతి అర్థమైంది. కింద రెండు వాక్యాలు చదివి పుస్తకం మూసేశాను. కొళాయి దగ్గర బిందె నింపుతున్న నాయనతో చెప్పాను, అయ్యవారు సచ్చిపోతాడని. నాయన బిందె నిండి పొర్లుతున్నా చూసుకోలేదు. అప్పుడు మగ్గం మీద గోనెగండ్ల వాళ్ళ పెళ్ళిచీర ఉంది. పెళ్ళి పది రోజుల్లో. చీర ఇంకా సగం కూడా కాలేదు, పూర్తయితే గానీ మగ్గం మీంచి కోసి ఇవ్వలేరు.

"ఆ చీర కోసేదాంకా ఆయప్పను సావనీయాకు పాప," అన్నాడు.

మా నాయన నన్ను అడిగిన మొదటి సాయం అది. చేయకుండా ఎట్లా ఉంటాను? అప్పటికే కథలో అయ్యవారికి జ్వరం వచ్చింది. దాన్ని దాచడానికి లేదు, ముందు రోజే చదివేశాను. సరే, జ్వరాన్ని సాగదీద్దాం అనుకున్నాను. పుస్తకం ముందు పెట్టుకుని, కళ్ళు వరసల మీద కదిలిస్తూ, నా సొంత కథ చదవడం మొదలుపెట్టాను. అయ్యవారికి కషాయం ఇచ్చారు. మళ్ళీ ఇచ్చారు. కొండ మీదికి డాక్టరు వచ్చాడు. సెలైన్ ఎక్కించారు. మంత్రాల బడిలో సెలైన్ ఏమిటని ఎవరూ అడగలేదు.

అవ్వ మాత్రం జ్వరాన్ని మనసుకు తీసుకుంది. నాలుగో రోజు రాట్నం ఆపి చేతులు జోడించింది. అయ్యోరు లేసి కూసునేదాంకా వక్కాకు ముట్టనని, లేస్తే ఉరుకుందకు వచ్చి కాయ కొడతానని ఈరన్న స్వామికి మొక్కుకుంది.

అవ్వ వక్కాకు మానేయడం అంటే ఏమిటో మా ఇంట్లో వాళ్ళకే తెలుసు. రెండో రోజుకు మా అమ్మ చేసిన పప్పులో ఉప్పు లేదు. నిజానికి ఉంది. మూడో రోజుకు నాయన నేసిన అంచు వంకర. నాలుగో రోజు నన్ను కన్నందుకు మా అమ్మను, పెంచినందుకు నాయనను కలిపి తిట్టింది. నాయన నన్ను దొడ్లోకి పిలిచి, సావనీయొద్దు అంటే ఇట్లా పండబెట్టమని కాదని, వెంటనే ఆయనను లేపి కూర్చోబెట్టమని బతిమాలుకున్నాడు. ఆ సాయంత్రమే అయ్యవారు లేచి కూర్చుని జొన్న సంగటి అడిగాడు. అవ్వ అప్పుడే నోట్లో ఆకు పెట్టుకుంది. ఆ తర్వాతి సోమవారం నాయన వెంట ఉరుకుందకు పోయి కాయ కొట్టి, కుంకుమ తెచ్చి ఆ పుస్తకం అట్టకు పెట్టింది.

చీర కోశారు. గోనెగండ్ల వాళ్ళు వచ్చి తీసుకుపోయారు. ఇంక చదువుకోవచ్చు అన్నట్టు నాయన నా వైపు చూశాడు. కానీ ఎట్లా చదవను? స్వామి బతికించిన మనిషిని నేను ఏ మొహంతో చంపను? అవ్వ మొక్కు వట్టిపోయిందని, కాయ కొట్టించుకుని కూడా స్వామి పట్టించుకోలేదని చెప్పినట్టు కాదా? కథను లాక్కొచ్చాను. నాకు తెలిసిన ప్రపంచం ఎమ్మిగనూరు, ఆదోని, ఒకసారి మంత్రాలయం. అందుకని అయ్యవారు పిల్లలందరినీ ఆదోని దూది మార్కెట్టుకు తీసుకుపోయి, దూది గుట్టలకు మంత్రం వేసి మబ్బులుగా ఎగరేశాడు. అది నా గొప్ప అధ్యాయం. అవ్వ దాన్ని మూడుసార్లు చదివించుకుంది. ప్రతిసారీ వేరుగా వచ్చేది, ఆమె పట్టుకోలేదో, పట్టుకుని ఊరుకుందో.

చివరికి కల్పించలేక చేతులెత్తేశాను. అయ్యవార్లను కథలోంచి పంపించడానికి నాకు తెలిసిన దారి ఒక్కటే. మా బడిలో సైన్సు సారు అట్లాగే పోయాడు. ముసలాయనకు హాలహర్వికి ట్రాన్స్‌ఫర్ వేశాను. అప్పటికి నేను విన్న ఊళ్ళలో అన్నిటికన్నా దూరం అదే.

అవ్వ ఒకటే అడిగింది, ఆ పిల్లకు వాన పిలిచే విద్య వచ్చిందా అని. ఆ సంగతి పుస్తకంలో చివర ఉందో లేదో నాకు తెలియదు. ఇంకా నేర్చుకుంటోందని చెప్పాను. ఎండలు ముదిరిన ప్రతి ఏడూ అవ్వ ఆ మాటే అడిగేది. ఇంకా నేర్చుకుంటూనే ఉందనేదాన్ని.

ఆ పాత పుస్తకం ఎవరో చదువుకుంటామని తీసుకుపోయి తిరిగి ఇవ్వలేదు. నేను లోలోపల సంతోషించాను. కానీ అవ్వ అయ్యవారిని మరవలేదు. హాలహర్వి వైపు నుంచి ఎవరైనా వస్తే, ఆడ ఒక కుంటి అయ్యోరు ఉండాల, ఎట్లుండాడని అడిగేది. నవ్వుతూనే అడిగేది గానీ జవాబు కోసం ఆగేది. నా ఖర్మ కాకపోతే, నాకు ఉద్యోగం వచ్చింది ఎక్కడనుకున్నారు? హాలహర్వి మండలంలో హైస్కూలు. పెళ్ళయి ఆదోనిలో కాపురం పెట్టి రోజూ బస్సులో పోయి వస్తున్నాను. ఆర్డరు చూసి మా ఇంట్లో అందరూ బదిలీ ఎప్పుడు దొరుకుతుందో అన్నారు. అవ్వ ఒక్కతే, మంచిదాయె, ఆయప్పకు తోడుంటావు అంది. ఎమ్మిగనూరు పోయినప్పుడల్లా ఒక పొట్లం బొరుగులు కట్టి ఇచ్చేది, ముసలాయనకు నమలడానికి. తొమ్మిదేళ్ళుగా ఆ బొరుగులు నేను బస్సులో తింటున్నాను.

అందుకే బీరువా ముందు చెమటలు పట్టాయి.

పుస్తకాన్ని సంచిలో వేసుకుని వారం రోజులు బస్సులో చదివాను. ఉన్న మాట చెప్పాలంటే మొదట ఒళ్ళు మండింది. నాకు గుర్తున్నంత గొప్పగా లేదు. దుష్టమాంత్రికుడు వట్టి వాగుడుకాయ. ఎగిరే మేకలు పుస్తకం మొత్తంలో రెండుసార్లు ఎగిరాయి. పిల్ల ఎందుకు ఏడుస్తుందో తెలియకుండా పేజీకోసారి ఏడుస్తుంది. దూది మబ్బుల అధ్యాయం కోసం పేజీలన్నీ తిప్పి వెతికాను, అది నేను కల్పించిందేనని గుర్తుకొచ్చేదాకా. రచయిత మీద కోపమొచ్చింది, అంత మంచి సంగతి ఎందుకు రాయలేదని. అయ్యవారు మాత్రం అట్లాగే ఉన్నాడు. నిజంగానే జేబులో గింజలు, నిజంగానే కుంటికాలు. ఆయన వచ్చిన ప్రతిచోటా నాకు మగ్గం చప్పుడు వినిపించింది.

ఆయన పోయే అధ్యాయం ఒకటిన్నర పేజీ కూడా లేదు. జ్వరంతో పడుకుని కిటికీ తెరవమంటాడు. మబ్బు వచ్చిందా అని అడుగుతాడు. లేదంటుంది పిల్ల. పిలువు అంటాడు. అన్నాళ్ళూ పిలిచి పిలిచి ఓడిపోయిన పిల్ల ఆ రోజు కిటికీ దగ్గర నిలబడి పిలుస్తుంది. వాన వస్తుంది. ఆయన చెయ్యి బయటికి చాపి తడుపుకుంటాడు. అంతే, పోతాడు. తర్వాత అధ్యాయమంతా వానే.

నేను బస్సులో ఏడ్చాను. ముప్పై ఆరేళ్ళ లెక్కల టీచరు వెక్కి వెక్కి ఏడుస్తుంటే కండక్టరు వచ్చి ఏమైందక్కా అన్నాడు. మా అయ్యవారు పోయినారన్నాను. పాపం, ఎవర్నో లేపి నాకు కిటికీ పక్క సీటు ఇప్పించాడు.

ఏడుపు తగ్గాక నా మీద నాకే కోపం వచ్చింది. చావును దాచానని ఇన్నాళ్ళూ మంచిపనే చేశాననుకున్నాను. చావుతో పాటు వానను కూడా దాచేశాను. చినుకు కోసం ఆకాశం వైపు చూసి చూసి పెరిగిన మనిషికి, ఇరవై ఐదేళ్ళు అడిగినా, ఒక్క వాన వినిపించలేదు. అవ్వకిప్పుడు ఎనభై దాటాయి. ఆమెకు ఆ వాన అందాలి. అందాలంటే నేను అబద్ధాలకోరునని ఒప్పుకోవాలి, స్వామి మీద ఆమె నమ్మకం ఏమవుతుందో చూడాలి. కాపీ కొట్టిన పిల్లల చెవులు మెలిపెట్టే నాకు ఆ ధైర్యం రావడానికి రెండు వారాలు పట్టింది.

మూడో ఆదివారం ఎమ్మిగనూరు పోయాను. అవ్వ కండెలు చుట్టడం ఇంకా మానలేదు, చూపు ఆనకపోయినా చేతులకు తెలుసు. నాయన గుంతలో ఉన్నాడు. మగ్గం మీద మళ్ళీ ఒక చీర, మళ్ళీ సగంలో. నేను సంచిలోంచి పుస్తకం తీయగానే నాయన గుర్తుపట్టాడు. తల అడ్డంగా ఊపాడు, వద్దని. నేను ఆయన వైపు చూడకుండా, అయ్యోరి కత కొత్త పుస్తకం దొరికిందవ్వా, జ్వరం కాడి నుంచి సదువుతానన్నాను. అవ్వకు నవ్వు ముఖం నిండా వచ్చింది. ఆ మధ్య కాస్త నీరసంగా ఉన్నాడన్నావే, ఇప్పుడెట్లుండాడు అంది. నేను పుస్తకం తెరిచాను.

చదివాను. కిటికీ, మబ్బు, పిలవడం, వాన, చెయ్యి. ఎక్కడా ఏదీ కలపలేదు. చెయ్యి దగ్గరికి వచ్చేసరికి రాట్నం ఆగింది. మగ్గం మాత్రం ఇంకా ఆడుతోంది, నాయన తల ఎత్తడం లేదు.

అవ్వ అడిగింది. "పదునైందా?"

విత్తనం వేయడానికి సరిపడా నేల తడిసిందా అని. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, అది పుస్తకంలో రాయలేదన్నాను. ఇంక ఆగలేక మిగిలిందంతా చెప్పేశాను. సెలైన్, సంగటి, దూది మబ్బులు, ట్రాన్స్‌ఫర్ అన్నీ నేనే కల్పించానని, ఆయన అప్పుడే ఈ జ్వరంతోనే పోయాడని, మొక్కు సంగతికి భయపడి చెప్పలేదని. నాయన పేరు మాత్రం చెప్పలేదు. మగ్గం దానంతటదే ఆగింది. సావనీయొద్దని నేనే చెప్పానని గుంతలోంచి నాయన అన్నాడు.

అవ్వ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తిడుతుందని కాచుకున్నాను.

"నేను సామిని ఏమని అడిగినా? బతికించమని గదా. ఇరవై అయిదేండ్లు బతికించినాడు. ముసిలాయప్ప ఇంగెంత కాలం బతకల్ల?"

నా కల్పన అంతా ఒక్క మాటతో ఈరన్న స్వామి పేర పోయింది. పోతే పోయింది. నా గుండెల మీది బరువు కూడా దాంతోనే పోయింది. అవ్వ చేతులు పట్టుకుని ఏడ్చాను. ఆమె కూడా ఏడ్చింది, నా గురించి కాదు, ఆయన గురించి. కళ్ళు తుడుచుకుంటూ, మరి అన్ని పొట్లాల బొరుగులు ఎవరు తిన్నారని అడిగింది. నేనేనన్నాను. అందుకే ఇట్లా అయినావంది.

తర్వాత నాయన వైపు తిరిగింది. ఏమీ అనక్కర్లేకపోయింది. అరవై ఐదేళ్ళ మా నాయన సగం చీరను అట్లాగే వదిలి, కీళ్ళు పట్టుకుంటూ గుంతలోంచి లేచి, తలకు పోసుకోవడానికి దొడ్లోకి పోయాడు. మూడు రోజులు. చీర వాళ్ళకు ఫోను చేసి ఏం చెప్పాలో నాకు తోచలేదు. మా ఇంట్లో పెద్దాయన ఒకరు పోయారని చెప్పాను.

నాయన తల తుడుచుకుంటూ వచ్చి, గుంతలోకి దిగకుండా అవ్వ పక్కన చాప మీద కూర్చున్నాడు. ఆయన అట్లా పగటిపూట ఊరికే కూర్చోవడం నేను చూడలేదు. మగ్గం చప్పుడులో సరిగా వినపడలేదని, ఆ వాన వచ్చేది ఇంకోసారి చదవమన్నాడు.

మళ్ళీ కిటికీ దగ్గర మొదలుపెట్టాను. అలవాటు కొద్దీ గట్టిగా, గబగబా చదువుతున్నాను. వాన మొదలైన చోట అవ్వ నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"మెల్లగ సదువు పాప," అంది. "పదును కానీ."